పందిరికి మంచి గడియ

1954 అక్టోబరు 17, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు. చూలైలో మా మిద్దె మీద ఉన్నవారు: మా నాయన, ఆయన అక్క అయిన మా అత్త, మా అమ్మ తమ్ముడైన మామ, మేస్త్రీ, నేను.

నాకు పెళ్లయి నాలుగు నెలలు. మా ఇద్దరి కోసం మిద్దె మీద గది కడుతున్నారు. అది పూర్తయితే గాని తిరువొత్తియూరులో పుట్టింట ఉన్న నా భార్య కాపురానికి రాదు. గది కప్పు మీద ఇటుకముక్కలూ సున్నమూ కలిపి పరిచి, ఆడకూలీలు రెండు రోజులుగా చెక్కలతో కొడుతున్నారు. ఇంకొక్క రోజు పని మిగిలింది. సముద్రం వైపు ఆకాశం నల్లబడింది.

"నాలుగు వెదుళ్లు నిలిపి కొబ్బరాకులు కప్పేస్తానయ్యా. అన్నీ కిందనే ఉండాయి. వాన పడితే సున్నమంతా కడుక్కోని పోతుంది" అన్నాడు మేస్త్రీ.

మామ ఒక సర్కారు ఆఫీసులో కట్టడాల ఫైళ్లు చూసే గుమాస్తా. అందువల్ల మా ఇంట్లో ఆయనే ఇంజనీరు. "కొబ్బరాకు మరక పడుతుంది బావా. టార్పాలిన్ తెప్పిద్దాం. ముందు కొలతలు కావాల" అన్నాడు. కొలతలు తీసుకున్నాడు, ఒక్కో వైపు రెండేసి సార్లు. ఆ తరువాత ఆదివారం అంగళ్లు ఉండవని ఆయనకే గుర్తొచ్చింది.

అప్పటికి నాలుగున్నర దాటింది. "సరే, పందిరే వెయ్యండి. ఊరికే వేస్తారా తమ్ముడూ? మంచి గడియ చూసి రాట నాటాల. ఇప్పుడు రాహుకాలం పట్టింది" అంది అత్త.

"ఇది పెండ్లి పందిరి కాదు గదమ్మా!" అన్నాడు మేస్త్రీ.

"నాలుగు కాళ్లుండాయా లేదా?"

ఎవరినీ నొప్పించని మా నాయన పంచాంగం తెప్పించి, మరునాడు ఉదయం తొమ్మిదీ పదికి ముహూర్తం పెట్టాడు. వాన మాత్రం రాహుకాలంలోనే, ఐదుంబావుకు, ఏ విఘ్నమూ లేకుండా ప్రారంభమైంది. సున్నపునీళ్లు తెల్లగా వీధిలోకి పోతుంటే మేస్త్రీ మెట్ల మీద కూర్చుని బీడీ వెలిగించాడు.

మరునాడు తొమ్మిదీ పదికి, మంచి ఎండలో, పసుపు రాసిన రాట నాటారు. పెట్టిన ముహూర్తం తప్పించకూడదట. నేను ఆఫీసుకు సెలవు పెట్టి రైల్లో తిరువొత్తియూరు వెళ్లాను. కప్పు మళ్లీ మొదటినుంచి వెయ్యాలనీ, ఇంకా పదిహేను రోజులు పడుతుందనీ నా భార్యకు చెప్పాను.

ఆమె అంతా విని, "అందరూ తలా ఒక మాటన్నారు. మీరేమంటిరి ఆడ?" అని అడిగింది.

"పెద్దవాళ్లు మాట్లాడుతుంటే..." అన్నాను.

"అయితే నన్ను పిలుచుకపోను ఆ పెద్దవాళ్లనే రమ్మనండి" అని లోపలికి వెళ్లిపోయింది. కాఫీ మాత్రం వాళ్లమ్మ చేత పంపించింది.