ప్లమ్ క్రీక్ సున్నపురాయి హద్దు

రిటైరవడానికి ఐదేళ్ల ముందు, ఒక వసంతకాలంలో, వర్జీనియా పడమటి కొండల్లోని ఒక కౌంటీకి భూవిజ్ఞాన పటం తయారుచేసే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను రాష్ట్ర భూవిజ్ఞాన శాఖలో సీనియర్ జియాలజిస్టును. నా పైన చీఫ్ ఒక్కరే.

ప్లమ్ క్రీక్ అనే వాగు ఒడ్డున శిలాజాలతో నిండిన సున్నపురాయి కనిపించింది. పాత పటాల్లో దాన్ని కింది రాతిలో భాగంగానే చూపారు. రెండేళ్లు తిరిగి చూశాక అది వేరే రాయని నాకు నమ్మకం కుదిరింది. దానికి సొంత పేరుండాలని పట్టుబట్టాను. అలా పేరు పొందిన శిలల వరుసను మేము ఫార్మేషన్ అంటాం.

పేరు పెట్టడానికి నియమాలున్నాయి. అది దగ్గరి ఊరిదో వాగుదో అయి, పటంలో అచ్చయి ఉండాలి. ఇంకే రాతికీ అంతకుముందు పెట్టి ఉండకూడదు. ఆష్‌బర్న్ ఊళ్లో తెలుగువాళ్ల బర్త్‌డే పార్టీ ఒకదానిలో "అయితే ఆంటీ, మీ నేమే పెట్టేస్తారా?" అని ఒకమ్మాయి ఉత్సాహంగా అడిగింది. బతికున్నవాళ్ల పేర్లు పనికిరావంటే పాపం చిన్నబుచ్చుకుంది.

కొత్త పేరుకు చీఫ్ ఒప్పుకోలేదు. శిలాజాలు వేరైనంత మాత్రాన చాలదు, వాటి గురించి ఏమీ తెలియనివాడు కూడా రాయిని చూసి హద్దు చెప్పగలగాలి అన్నారు. నియమం అదే, కాదనలేను. హద్దు తేలకపోతే నా రెండేళ్ల పని పాత పేరు కింద ఒక పేరాగా మిగిలిపోతుంది.

చీఫ్ పరిశీలనకు వచ్చిన రోజు నాకు మోకాలి నొప్పిగా ఉండి మావారు కారు నడిపారు. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి. చీఫ్ ఆయన చేతికే సుద్దముక్క ఇచ్చి, రాయి మారిందనిపించిన చోట గీత గీయమన్నారు. నన్ను నోరు మెదపవద్దన్నారు.

"నాకేం తెలుసు? ఊరికే డ్రైవ్ చేద్దామని వచ్చినవాణ్ణి" అని గొణుగుతూ మావారు వాగు వెంట పైకి నడిచారు. నా హద్దు దాటి వెళ్లిపోయారు. ఎదురుగా ఉన్నది కనబడదేమని నాకు ఒళ్లు మండింది. కొంత దూరం పోయి ఆగారు, వెనక్కి వచ్చారు, కాలితో రెండుచోట్ల తన్ని చూశారు. సరిగ్గా నా హద్దు మీదే గీత గీశారు.

చీఫ్‌కు ఇంగ్లీషులో చెప్పిన కారణాన్నే నాకేసి తిరిగి తెలుగులో అన్నారు. "కిందది పలకలు పలకలుగా ఊడొస్తోంది. పైది సాలిడ్‌గా ఉంది, తంతే నా కాలే నొప్పెట్టింది. ఇంకా పైకెళ్లి చెక్ చేశాను, అంతా సేమ్. దీనికా రెండేళ్లు మన వీకెండ్లన్నీ పోగొట్టావ్?"

చీఫ్ నవ్వి అక్కడే ఒప్పుకున్నారు. ప్లమ్ క్రీక్ సున్నపురాయి తన సొంత రంగుతో రాష్ట్ర పటంలోకి ఎక్కింది. ఆ రంగు చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

తెలిసినవాళ్ల కోసం రాసే వర్ణన సగం పనేనని ఆ రోజు నేర్చుకున్నాను. పటంతో పాటు అచ్చయ్యే అధికారిక వర్ణనలో శిలాజాల పేర్లన్నీ చివరికి నెట్టి, పలకల రాయి ఎక్కడ ఆగుతుందో మొదటి వాక్యంలోనే రాశాను. నన్నెన్నడూ చూడనివాళ్లు ఆ ఒక్క వాక్యం పట్టుకుని పక్క కౌంటీల్లో కూడా ఆ రాయిని గుర్తుపడుతున్నారు.