తలుపు మూల నూనె మరక

నా తలుపుని కళా ప్రదర్శనకి తీసుకున్నారు! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే, ఇప్పుడు పేరున్న చిత్రకారుల పక్కన ఆ పెద్ద హాల్లో నా పేరూ ఉంటుంది! ఫోన్ పెట్టేసి హాస్టల్ గదిలో గిరగిరా తిరిగాను. వినేవాళ్లెవరూ లేరు. ఎదుటి మంచం, దానిమీది స్నేహితురాలు పెళ్లి చేసుకుని వెళ్లిన దగ్గర్నుంచీ ఖాళీయే. చివరికి అద్దానికి చెప్పుకున్నాను.

తలుపంటే ఉత్త తలుపు కాదు. ఓ గోడ, గోడవైపుకి తెరిచిన ఒంటిరెక్క తలుపు, రెండిటి మధ్య మూల. చూడ్డానికొచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆ మూలలో నిలబడాలి. అవతల కుర్చీల్లో కూర్చున్న మగవాళ్ల మాటలు తలుపు బందుల సందులోంచి వినపడతాయి. అంతే.

అది మా అత్త చోటు. నాన్నకి అక్క. మామయ్య పోయాక మా ఊరొచ్చేసింది. అమ్మానాన్నా కౌలు చేలో మిరపకాయలు కోస్తుంటే నన్ను పెంచింది ఆవిడే. ముందు గదిలోకి ఏ మగమనిషి వచ్చినా అత్త తలుపు వెనక్కి చేరేది, పాస్టరుగారైనా సరే, మిరపకాయల బేరగాడైనా సరే. నోరు మాత్రం ఊరుకునేది కాదు. "ఒరేయ్ తమ్ముడూ, ఎర్రగా మెరిసే కాయని తాలుకాయ రేటుకిచ్చేస్తావేంట్రా!" అని తలుపే గద్దించేది. బేరగాడు కూడా తలుపుకే దణ్ణం పెట్టి, "అది కాదక్కా, మార్కెట్టు బాలేదు" అనేవాడు. నేను ఆవిడ కొంగు పట్టుకుని పక్కనే ఉండేదాన్ని. ఆముదం వాసన, మిరప ఘాటు. నాకు తుమ్మొస్తే ఆవిడ అరచెయ్యి నా ముక్కు మీద.

తల ఆనిన చోట గోడకి నూనె మరక పడింది. క్రిస్మస్ ముందు పిడుగురాళ్ల సున్నంతో ఇల్లంతా అత్తే వెల్లవేసేది. జనవరి వచ్చేసరికి మరక మళ్లీ తేలేది. "ఇది నన్నిక్కణ్ణుంచి కదలనివ్వదే" అని నవ్వేది.

నా గోడకీ సున్నమే వేశాను. తలకి ఆముదం రాసుకుని, రోజూ ఆనుకుని నిలబడి ఆ మరక తెచ్చాను. అక్కడ ఒక్కదాన్నే నిలబడ్డప్పుడు తెలిసింది, అన్నీ వినపడతాయి, ఎవరూ మనవైపు చూడరు.

నాన్నకి ఫోన్ చేశాను, ఆయనెప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడు. "తలుపు మూలకి అంత గొప్పేంటే పిచ్చిదానా!" అని ఊరంతా వినపడేలా నవ్వాడు. దూరంగా అత్త గొంతు, "తిన్నదేమో అడగరా ముందు." ఆవిడ ఫోన్ ముట్టుకోదు. మా ఇంట్లో అదీ ముందు గది వస్తువే.

ప్రారంభం రోజుకి ఇంటి నుంచి ఒకర్ని పిలవమన్నారనీ, ముందు వరసలో కుర్చీ వేస్తారనీ, ఆ కుర్చీ అత్తదేననీ చెప్పాను. అత్త రాదనే అనుకున్నాను. అప్పుడు ఫోన్లో తలుపు బందులు కిర్రుమన్నాయి.

"మగాళ్లుంటారా?" ఫోన్లో మొదటిసారి అత్త గొంతు నా చెవి పక్కనే.

"ఉంటారత్తా."

"అయితే ఆ రోజుకి తలకి నూనె రాసుకోన్లే. కుర్చీ పాడవుద్ది."

ఆ మూల నుంచి ముందు గదిలోకి నాలుగడుగులు లేవు. అవి నడవడానికి అత్తకి నా వయసంత కాలం పట్టింది.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్లు: చేలోంచి వచ్చాక అమ్మ, చీరాల పిన్ని, బొమ్మలు వెయ్యనిచ్చిన లెక్కల మాస్టారు, తలుపు చేసిచ్చిన వడ్రంగి. ఆఖరున ఈ ఖాళీ మంచం మనిషి, ఫోన్ ఆమె చేతిలో ఉంటే.