కడగని ఇసుక

పదేళ్ళ కిందట, వానలు ఇంకో నెలలో ఉన్నాయనగా, బరంపురం భూగర్భజల ప్రయోగశాలలో సీనియర్ కెమిస్టుగా ఉన్న నన్ను ఆర్యపల్లి పనికి వేశారు. సముద్రపొడ్డున మన తెలుగు జాలర్ల వాడ. దగ్గర్లో మూతపడ్డ క్రోమ్ పూత షెడ్డు వదిలిన క్రోమియం విషం నేలలోకి దిగి, ఆ వాడలో నూకాలమ్మ అనే ఆవిడ బావికి చేరింది. గట్టుకి ఎర్రరంగు పూశారు, తాగకూడదని గుర్తు. మంచినీళ్ళకి ఆవిడ పై వాడ నుంచి బిందె మోయాల్సి వచ్చింది.

ఆ బావి ఆవిడా మొగుడూ కలిసి తవ్వుకున్నది. "దీనికేటొచ్చింది బాబూ? మనిసికైతే మందేత్తారు. దీనికి మందు నేదా?" అని నిలదీసింది. ఉందన్నాను.

ఆ మందు నానో ఇనుము, వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే రజను. నీళ్ళలో కలిపి, బావికి ఎగువన వేసిన బోరులోంచి నేలలోకి ఎక్కిస్తాం. అది తగిలిన చోట క్రోమియం కరగని రకంగా మారి మట్టిని పట్టుకుంటుంది. ముందుగా ఆ ఊరి ఇసుకని గాజు గొట్టంలో నింపి పరీక్షిస్తాం, దాన్నే కాలమ్ అంటాం. నింపేముందు ఇసుక తెల్లగా తేలేదాకా కడగడం మా ల్యాబు ఆచారం. కడిగాం. డిస్టిల్డ్ వాటర్‌లో ఇనుము కలిపి పోశాం. జానెడు కూడా దిగకుండా ముద్దకట్టి కూర్చుంది. బావి పూడ్చేయమన్నారు డిప్యూటీ డైరెక్టరు గారు. కాళ్ళావేళ్ళా పడితే విసుక్కుంటూ వారం గడువిచ్చారు.

సంగతి చెబితే నూకాలమ్మ ఊరుకుంటుందా! "పూడ్సేత్తారా? ముందు నన్ను అందులోకి దింపి పూడ్సండి" అని గట్టెక్కి కూర్చుంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆవిడ పక్కనుంచే నమూనాకి చేద వేశాను. నీళ్ళు పలచటి టీ రంగులో వచ్చాయి. చుట్టూ మొగలిపొదలు. రాలిన ఆకు కుళ్ళి ఏళ్ళ తరబడి నేలలోకి దిగిన రంగది. ఓరి నాయనో, మేం కడిగి పారబోసింది దీన్నేగా!

ఈసారి ఇసుక కడగలేదు. ఆ బావినీళ్ళలోనే ఇనుము కలిపి పోశాను. ఇనుము ఇసుకంతా దాటి గొట్టం అడుగున నల్లటి చుక్కై పడింది! పనసకాయ కోసేముందు చేతికి నూనె రాసుకుంటే జిగురంటదు చూడండి, ఆకురసం ఇనుముకి అలా పట్టి రేణువుల్ని ఒకదానికొకటి అంటుకోనివ్వలేదు. ల్యాబులో చిన్నపిల్లాడిలా గెంతేశాను. అయితే అదే పూత క్రోమియం తగలడానికి కూడా కాస్త అడ్డే. పని నెమ్మదిస్తుంది కాబట్టి మోతాదు పెంచి, రెండు వానాకాలాలు ఆగాలని రాసిచ్చాను. డిప్యూటీ డైరెక్టరు గారు ఈసారి నవ్వుతూ సంతకం పెట్టారు.

బోరులోంచి ఇనుము ఎక్కించాం. రెండో వానలు వెళ్ళాక పరీక్షలన్నీ పరిమితి లోపలే వచ్చాయి. ఎర్రరంగు మేమే గీకాం. కొత్త పడవ దించేముందు ఆ వాడలో పసుపునీళ్ళు పోస్తారు. నూకాలమ్మ మొదటి చేద తోడి, పసుపు కలిపి, ఆఫీసు చొక్కాతో నిలబడ్డ నా నెత్తిన గుమ్మరించింది. వాడంతా ఈలలు. "తడిసినావు గదా, ఇంక తాగు బాబూ" అని రెండో చేద నా దోసిట్లో పోసింది. తియ్యగా ఉన్నాయి.

ల్యాబు నీళ్ళలో వచ్చిన జవాబు ల్యాబు వరకే చెల్లుతుంది. నేను రిటైరయ్యేదాకా మా దగ్గర ప్రతి పనికీ మొదటి కాలమ్ కడగని ఇసుకతోనే నింపాం.