స్క్రూ కింద చిరునామా

నాకు చిన్నప్పటి నుంచి ఫికర్ ఎక్కువ. ఇంటికి తాళం వేసి, సందు చివరిదాకా పోయి, వేశానో లేదో అని వెనక్కి వచ్చి లాగి చూసేవాణ్ణి. ఒక్కోరోజు రెండుసార్లు వచ్చేవాణ్ణి. జహనుమా బస్తీలో మా సందులోవాళ్ళకు నేనొక కాలక్షేపం. ఈ గుణం మా నాన్నదేనని, ఆయన పోతూ పోతూ నాకు అప్పగించి పోయాడని అమ్మ అనేది. అలాంటివాడి చేతికి అక్క ట్రంకు పెట్టె వచ్చింది.

డెబ్బైల మధ్యలో సంగతి. నేనొక ప్రభుత్వ కర్మాగారంలో టూల్‌రూమ్ ఫిట్టర్‌ని. అక్క నర్సు. పురానాపూల్‌లో పాలవ్యాపారం చేసే ఇంటికి కోడలిగా పోయింది. బావ గొంతు పెంచి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. అయితే అక్క నైట్ డ్యూటీ చేయడం ఆయనకు ఇష్టం లేదు. ఆమె డ్యూటీ దిగి పొద్దున్నే ఇంటికి వస్తే తలుపు తీసేవాడు కాదు. లోపల బర్రెల దగ్గర పని చేసుకుంటూనే ఉండేవాడు, వినబడనట్టు. మూడోసారి కూడా అలాగే జరిగినప్పుడు అక్క గంటసేపు గడప బయట కూర్చుని, లేచి, మా ఇంటికి వచ్చేసింది. రెండేళ్ళు గడిచాయి. వాళ్ళు పిలవలేదు, ఈమె పోలేదు. ఎప్పటికైనా సర్దుకుంటారని నేనూ అమ్మా అనుకుంటూ ఉండేవాళ్ళం.

అంతలో అక్కకు ఉత్తరం వచ్చింది. నాగపూర్ దాటి ఎక్కడో బొగ్గుగనుల ఊళ్ళో ఆసుపత్రి. స్టాఫ్ నర్సు పోస్టు, ఉండటానికి క్వార్టరు. వచ్చే నెలాఖరులోగా అసలు సర్టిఫికెట్లు తెచ్చి చూపించి చేరాలి, లేకుంటే జాబితాలో తర్వాతి మనిషికి ఇచ్చేస్తామని కింద టైపు చేసి ఉంది. ఆ ఒక్క వాక్యం చదివి నాకు ఆ పూట అన్నం దిగలేదు. అక్క మాత్రం ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని, చాలా రోజుల తర్వాత జడ వేసుకుంటూ పాట పాడింది.

ఆమెకు ఒక ట్రంకు పెట్టె కొన్నాం. ఆకుపచ్చ రంగు, మూత మీద గులాబీ పువ్వు. ఆ రోజుల్లో నగరంలో సగం పెట్టెలు ఆకుపచ్చవే, అన్నిటి మీదా అదే పువ్వు. గిన్నెలు, పరుపు, యూనిఫారాలు పెడితే పెట్టె ఇద్దరు మోసేంత బరువవుతుంది కాబట్టి రైల్లో సామాన్లు వేసే బ్రేక్‌వ్యాన్‌లో బుక్ చేయాలి. నా భయం అక్కడ మొదలైంది. మా టూల్‌రూమ్‌లో ఒకాయన పెట్టె రైల్లో మారిపోయింది. పెళ్ళిచీరలు పెట్టి పంపిస్తే, ఇంటికొచ్చి తెరిచేసరికి ఎవరివో హోమియోపతి మందు సీసాలు ఉన్నాయి. కాగితం లేబులు వానకు ఊడిపోతుంది. రంగుతో పేరు రాయిస్తే కూలీల చేతుల్లో గీసుకుపోతుంది. ఊడనిది, చెరగనిది పెట్టె మీద ఏముంటుందా అని ఆలోచిస్తే ఒక్క తాళం కప్పే కనిపించింది.

మా టూల్‌రూమ్‌లో ప్రతివాడికీ ఇత్తడి బిళ్ళలు ఉండేవి, మీద నంబరు. పనిముట్టు కావాలంటే దాని మేకుకు నీ బిళ్ళ తగిలించి తీసుకోవాలి. ఎవరి బిళ్ళ వేలాడుతుందో వస్తువు వాడి పూచీ. ఇక మాటల్లేవు, వాదనల్లేవు. తాళం కప్పకే అలాంటి బిళ్ళ ఉంటే, పెట్టె ఏ స్టేషన్లో పడి ఉన్నా, ఎవరిదో అదే చెబుతుంది కదా అనిపించింది.

చార్మినార్ వెనక సందులో తాళాలు చేసే ఒక భాయ్ ఉండేవాడు. ముసలాయన. పాత తాళాలు బాగుచేసేవాడు, ఇత్తడి మీద పేర్లు చెక్కేవాడు కూడా. షిఫ్టు దిగగానే నేను ఆయన దుకాణానికి చేరేవాణ్ణి. మొదట కప్ప ముఖం మీదే పేరు చెక్కిద్దామనుకున్నాను. ఆ మాట నోట్లో ఉండగానే, ప్లాట్‌ఫారం మీద పోయే ప్రతి పోకిరీ ఒంటరి ఆడమనిషి పేరూ ఊరూ చదువుకుంటాడని గుబులు పుట్టింది. అయితే పేరు మీద ఒక మూత పెడదాం, ఆ మూత కూడా తాళంచెవితోనే తెరుచుకునేలా చేద్దాం అన్నాను. మూడు రోజులు ఆకురాయి పట్టి మూత చేసుకుపోయాను. భాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

“జిస్కే పాస్ చాబీ హై, ఉస్కూ అప్నా పతా నై మాలూమ్ క్యా?” అన్నాడు.

నిజమే. తాళంచెవి ఉన్నవాడికి తన చిరునామా తనకు తెలియదా? పెట్టె దొరికినవాడి దగ్గర చెవి ఎక్కడిది? మూడు రోజుల పని బూడిదలో పోసిన పన్నీరయింది. చివరికి మేమిద్దరం కలిసి వేరే దారి పట్టాం. కప్ప వెనక సన్నటి పళ్ళెం, దాని మీద పేరూ చిరునామా, దానిపైన మూత, మూతకు ఒకే ఒక చిన్న స్క్రూ. పదిమందిలో నిలబడి స్క్రూ విప్పే తీరిక జేబుదొంగకు ఉండదు. పార్సిల్ ఆఫీసులో కూర్చున్న గుమాస్తాకు ఉంటుంది. సొంతదారు చిరునామా లోపల ఉందని మూత మీద ఇంగ్లీషులో, ఉర్దూలో, హిందీలో చెక్కించాను.

ఇక లోపల ఏం చెక్కాలి? దీని గురించి నేను ఆలోచించలేదంటే అబద్ధం. ఆఫీసులో కూర్చుని దరఖాస్తు నింపే మనిషిలాగే ఆలోచించాను. ఒంటరి ఆడమనిషి పేరు కంటే, ఫలానావారి భార్య అని ఉంటే ఎవడైనా జంకుతాడు. చిరునామా అంటారా, మాది అద్దె ఇల్లు, నెలకోసారి యజమాని ఖాళీ చేయమంటాడు. పురానాపూల్ ఇల్లు తాతల నాటిది, ఎక్కడికీ పోదు. ఏ ఫారం చూసినా ప్రస్తుత చిరునామాకు ఒక గడి, శాశ్వత చిరునామాకు ఒక గడి. పోయిన వస్తువు తిరిగి రావాలంటే శాశ్వతమైనదే రాయాలి. పైగా లోపల ఎక్కడో నాకొక ఆశ. రేపు కలిసిపోయినా తాళం మార్చే పని ఉండదు. కాగితం మీద రాసిచ్చాను, భాయ్ చెక్కాడు, నేనే స్క్రూ బిగించాను.

తర్వాత ఆ తాళాన్ని నేను పెట్టిన బాధ ఇంతా అంతా కాదు. బకెట్ నీళ్ళలో మూడు రోజులు నానబెట్టాను. మేడ మీద నుంచి బండ మీదికి పడేశాను. కొక్కేనికి గునపం దూర్చి లాగాను. అక్క చూసి నవ్వి, తాళానికి నోరుంటే నన్ను చూసి ఏడ్చేదని అంది. సర్టిఫికెట్ల కవరు చేతిసంచిలో పెట్టుకుంటానంది. నేనే వద్దన్నాను. రైల్లో చేతిసంచులు కోసేస్తారు, ఈ తాళం కింద ఉన్నది దేవుడు కూడా తీయలేడు అని చెప్పి, కవరును నా చేత్తో యూనిఫారాల మడతల మధ్య పెట్టాను.

అక్క వెళ్ళిన నాలుగో రోజు టెలిగ్రాం వచ్చింది. ఆమె చేరింది, పెట్టె చేరలేదు.

ఆ మర్నాటి నుంచే వెతుకులాట మొదలైంది. ఫ్యాక్టరీలో సగంపూట సెలవు పెట్టి రోజూ స్టేషన్ పార్సిల్ ఆఫీసుకు పోయేవాణ్ణి. గులాబీ పువ్వున్న ఆకుపచ్చ పెట్టెలు అక్కడ ఏ రోజు చూసినా ఏడెనిమిది ఉండేవి. ఒక్కోదాని తాళం తిప్పి చూసేవాణ్ణి. గుమాస్తా మంచివాడే, కానీ నా ముఖం చూస్తేనే రిజిస్టరు మూసేసే స్థితికి వచ్చాడు. నెలాఖరుకు తొమ్మిది రోజులు, ఎనిమిది, ఏడు. అమ్మ దేవుడి పటం ముందు నుంచి లేవడం మానేసింది. నాకు ఒకటే ధైర్యం. తాళం ఉంది, స్క్రూ కింద చిరునామా ఉంది.

ఆరు రోజులున్నాయనగా గుమాస్తా నన్ను దూరం నుంచే చూసి చెయ్యి ఊపాడు. పెట్టె దొరికిందట. లేబులు వానకు తడిసి ఊడిపోతే ఎక్కడో దించేశారట, ఇక్కడ ఎక్కిన సామానని తిరిగి ఇక్కడికే పంపారట. వేరే గోడౌన్లో దించితే అక్కడి గుమాస్తా తాళం మీద రాసింది చూసి స్క్రూ విప్పి, చిరునామాకు కార్డు రాస్తే సొంతదారు వచ్చి తీసుకుపోయాడని చెప్పాడు. ఇంత తెలివైన తాళం తన సర్వీసులో చూడలేదని మెచ్చుకున్నాడు కూడా. నాకు ప్రాణం లేచొచ్చింది. నా తాళం పనిచేసింది. సంతోషంతో ఆయన చేతులు పట్టుకున్నాను. ఎవరు తీసుకుపోయారని అడగడం ఆ తర్వాతే తోచింది.

ఆయన రిజిస్టరు తిప్పి చూపించాడు. రసీదు పోయిందని రాసిచ్చి, రేషన్ కార్డు చూపించి, బావ సంతకం పెట్టాడు. అక్కడే ఎవరిదో మామిడిపళ్ళ బుట్ట మీద కూర్చుండిపోయాను.

అటునుంచి అటే పురానాపూల్ పోయాను. పెట్టె ముందుగదిలో గోడవారగా ఉంది. దాని మీద దుప్పటి పరిచి, దుప్పటి మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు బావ. తాళం పగలగొట్టలేదు. గీత కూడా పడలేదు. నేను బతిమాలాను, ఉద్యోగం గడువు చెప్పాను, పెట్టె ఉంచుకుని కాగితాలన్నా ఇమ్మన్నాను. ఆయన టీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు.

“తాళం మీద ఉన్నది నా పేరు. నా ఇంటి అడ్రస్. రైలోళ్ళు ఊకెనే ఇయ్యలే గదా” అన్నాడు. “నువ్వే రాయిచ్చి ఉంటవ్. మంచి పని చేసినవ్ తమ్మీ. ఇగ ఆమెనే వచ్చి తీస్కపొమ్మను.”

అక్కకు టెలిగ్రాం కొట్టాను. పెట్టె బావ దగ్గరుందని రాశాను గానీ ఎలా పోయిందో రాయడానికి చెయ్యి రాలేదు. ఆమె రెండు రైళ్ళు మారి వచ్చింది. కళ్ళ కింద నల్లగా అయింది. గడువుకు మూడు రోజులే మిగిలాయి. లోపలికి పోతే పంపిస్తారో లేదోనని అమ్మ ఏడుపు. నలుగురు పెద్దమనుషులను తీసుకుపోదామన్నాను, హాక్సా బ్లేడు పట్టుకుని నేనే పోతానన్నాను. అక్క ముఖం కడుక్కుని, టీ తాగి, నన్నొక్కణ్ణి రమ్మంది.

బావ తలుపు తీసే ఉంచాడు. అత్తగారు గిన్నెలో అన్నం, మీద పప్పు తెచ్చి పీట ముందు పెట్టింది. అక్క పీట మీద కూర్చోలేదు. దుప్పటి తీసి, పెట్టె ముందు కింద కూర్చుంది. తాళం చేతిలోకి తీసుకుని చెవి పెట్టబోతూ ఆగింది. రైల్వే గుమాస్తా విప్పిన మూత సరిగా బిగియక వదులుగా వేలాడుతోంది. దాన్ని వేలితో పక్కకు జరిపి లోపల చెక్కింది చదివింది. ఆమె ఆ అక్షరాలు చూడటం అదే మొదటిసారి. చిన్న పళ్ళెం, నాలుగు వరుసలు. చదవడానికి అంతసేపు పట్టే రాత కాదు. నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత తాళం తీసింది. యూనిఫారాల మడతల్లో చెయ్యి పెట్టి సర్టిఫికెట్ల కవరు ఒక్కటే బయటికి లాగింది. ఒక్కో కాగితం చూసుకుని మళ్ళీ కవర్లో పెట్టింది. పరుపు, గిన్నెలు, చీరలు ఏవీ ముట్టుకోలేదు. మూత వేసి, తాళం వేసి, చెవిని దానికే వదిలేసింది. ఇవన్నీ ఎవరికని బావ అడిగాడు. అప్పటికి ఆయన గొంతులో నెమ్మది పోయింది.

“పేరెవరిదో వాళ్ళయే” అంది అక్క.

ఎవరూ ఆపలేదు. ఆపుతారని నేను ఎన్ని రకాలుగా భయపడ్డానో అన్నీ వృథా అయ్యాయి. ఆమె ఆ సాయంత్రం బండికే పోయి, గడువుకు ఒక్క రోజు ముందు చేరింది. కట్టుబట్టలతో చేరింది, ఉద్యోగం దక్కింది. ఆ క్వార్టర్లో మొదటి నెలంతా చాప మీద పడుకుందని తర్వాత ఎవరో చెబితే విన్నాను. కానీ నా మనసులో ఈనాటికీ మెదిలేది మేము ఆ ఇంట్లోంచి బయటపడి పురానాపూల్ వంతెన మీద నడుస్తున్నప్పటి సంగతి.

మూసీలో నీళ్ళు తక్కువ, మడుగుల్లో బర్రెలు పడుకుని ఉన్నాయి. నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఒంటరి ఆడమనిషి పేరు ఉంటే దొంగలకు అలుసవుతుందని, మాది అద్దె ఇల్లని, శాశ్వత చిరునామా రాయడమే పద్ధతని, అంతా నీ మంచికేనని. రిక్షాలు మా పక్క నుంచి పోతున్నాయి. వంతెన సగం దాటాక అక్క ఆగింది.

“ఇరవై దినాలు కూసుండి తాళం చేసినవ్ తమ్మీ” అంది. “నీళ్ళల్ల నానబెట్టినవ్, మిద్దె మీదికెళ్ళి పడేసినవ్. అన్నిటికి ఫికర్ చేసినవ్. దాని మీద ఏం రాయాల్నని నన్ను ఒక్కసారన్న అడిగినవా?”

ఆమె కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. తప్పు చేశానని చెప్పడం మాని, సిగ్గుతో ఏదో ఒకటి చేయాలని, జనం రద్దీగా ఉంది, కవరు నేను పట్టుకుంటానని చెయ్యి చాపాను.

అక్క కవరును రెండు చేతులా గుండెకు అదుముకుని ముందుకు నడిచింది. నాకివ్వలేదు.