అన్నానికి దండం మానేసిన లచ్చన్న

గల్ఫ్‌లో మా ముసఫ్ఫా కూలీల క్యాంపులో మాటల్లో నన్ను గెలిచినోడు లేడు. ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినా, మాకు వీసా ఇచ్చిన కఫీల్ ఇంటి ఒంటెకు తెలుగు నేర్పింది నేనేనంటే సగం క్యాంపు నమ్మింది. నాకు లొంగనిది లచ్చన్న ఒక్కడే.

ఆయనది కోరుట్ల దగ్గరి పల్లె. వెల్డింగ్ పని, యాభై దాటిన మనిషి. మెస్సులో పళ్లెం ముందు కూర్చుంటే మొదటి ముద్ద తీసి పక్కన పెట్టేవాడు. కళ్లు మూసుకొని పండించినోళ్లకు, వండినోళ్లకు, అన్నపూర్ణమ్మ తల్లికి దండం పెట్టేవాడు. అది అయ్యేదాకా పక్కన పిడుగు పడ్డా కదలడు.

"లచ్చన్నా, బియ్యం పాకిస్తానోళ్లవి, పప్పు కంపెనీది, ఎండల మాడింది నువ్వు. నడుమ దేవుడు చేసిందేంది?" అని మూడేళ్లు సతాయించాను.

"నాకు ఆకలిచ్చిండు, నీకు నోరిచ్చిండు. చాలదా రా గంగా?" అనేవాడు.

2014లో ఒక శుక్రవారం, పగటి తిండి వేళ. ఆయన భార్య కొమురవ్వ జ్వరంతో కరీంనగర్ దవాఖానలో ఉంది. తగ్గుతోందని ముందురోజే కబురొచ్చింది. లచ్చన్న కళ్లు మూసుకున్నాడో లేదో ఆయన ఫోన్ మోగింది. నా మోచేతి పక్కనే ఉంది. కొమురవ్వ పేరు చూశాను.

"ఎత్తకు లచ్చన్నా, దేవుడు లైన్ల ఉన్నడు!" అన్నాను.

బల్లంతా నవ్వింది. కళ్లు తెరవకుండానే లచ్చన్న కూడా కొంచెం నవ్వాడు. మోగి మోగి ఆగిపోయింది.

దండం అయ్యాక తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. పండుకుందేమో అనుకొని తిన్నాడు. చెయ్యి కడుగుతుంటే కొడుకు చేశాడు.

"అమ్మనే చేసింది బాపూ. నీతోని మాట్లాడతనని ఫోన్ అడిగి తీసుకున్నది..." ఆ తర్వాత పిల్లవాడి ఏడుపే వినిపించింది.

సెలవు కాగితం మీద కంపెనీ మేనేజర్ ముదీర్ సంతకం పడేలోపే అక్కడ దహనం అయిపోయింది. లచ్చన్న పోలేదు.

రెండు రోజులు మెతుకు ముట్టలేదు. దండం పెట్టకుండా తిని ఎరగడు. పెడదామంటే చేతులు రావు. మూడోరోజు నేనే పళ్లెం పట్టుకొని రూముకు పోయాను.

"చెప్పు రా గంగా, మూడేండ్ల సంది అడుగుతున్నవు గద. కండ్లు మూసుకొని ఎవనికి మొక్కిన? అక్కడ ఆమె పానం పోతుంటే నేను పప్పన్నానికి మొక్కిన."

పళ్లెం ఆయన ముందు పెట్టాను.

"తప్పు దండానిది కాదే," అన్నాను. "నేను పేరు చూసిన. చెయ్యి చాపితే అందే ఫోన్. ఎత్తలే."

నా మొహంలోకి చూశాడు. కొడితే బాగుండు అనుకున్నాను.

"ఎత్తితే అయిపోతుండె గద రా," అన్నాడు మెల్లగా. "ఫోన్ల నువ్వు మాట్లాడితే పడిపడి నవ్వేది ఆమె. నవ్వుకుంట పోతుండె."

పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. ముద్ద పక్కన పెట్టలేదు, కళ్లు మూయలేదు. మందు మింగినట్టు గబగబా తినేశాడు.

ఇంకో ఏడాది ఉన్నాడు క్యాంపులో. మెస్సులో ఆయన పక్కనే కూర్చొని, ఈ పూటన్నా దండం పెడతాడేమోనని అన్నం చల్లారేదాకా కలుపుతూ ఉండేవాణ్ణి. ఆయన తిని లేచిపోయేవాడు.