ఉస్తాద్ విరగ్గొట్టిన పెట్టె, కట్టిన పెట్టె

ఉస్తాద్ పోయాడని మొన్న పొద్దున ఆయన భార్య, మా చాచీ, ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ ఎత్తింది నా బిడ్డ. మొత్తం విని, చేతిలోని టంకం కడ్డీని బల్ల మీద పెట్టి, స్విచ్ ఆపి, అప్పుడు నా వైపు తిరిగింది. కోస్గి బజారులో జీవితమంతా రేడియోలు, మైకు పెట్టెలు బాగుచేసిన మనిషి ఆయన. నమాజు చేసుకుని గోడకు ఆనుకున్నాడట, ఆనుకున్నట్టే పోయాడట.

చావు గురించి రాసేవాడు ఏడుస్తూ రాయాలి. నాకు ఏడుపూ వస్తోంది, సంతోషమూ ఆగడం లేదు. ఆ ఫోన్ ఎత్తడానికి నా బిడ్డ బతికి ఉంది కదా. అది ఆయన పుణ్యం. అంతటి మనిషిని నేను నెత్తురు కారేలా కొట్టాను. ఈ సంగతి చెప్పకుండా ఆయన గురించి ఎంత మంచి రాసినా అబద్ధమే అవుతుంది. ఏడో తరగతి చదువు నాది, తప్పులుంటే మన్నించండి.

నేను బావులు పేల్చేవాణ్ణి. బండకు తూట్లు కొట్టి, మందు కూరి, వైరు లాగి దూరం నుంచి పేల్చడం నా పని. ఆ చప్పుళ్లకు ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయి. మాటకంటే ముందు చేయి లేచే గుణం కూడా ఆ పనిలోనే అబ్బింది. తెలంగాణ వచ్చిన కొత్తలో, పాలమూరులో డిగ్రీ చదువుతున్న నా బిడ్డ ఒక పాత కరెంటు గిటారు కొనుక్కొచ్చింది. చప్పుడు పెంచే పెట్టె, అదే ఆంప్లిఫయర్, లేకుండా మీటితే అది దోమ పాడినట్టు ఉంటుందట. నాకు ఆ దోమ కూడా వినబడదు. బిడ్డ కళ్లు మూసుకుని వాయిస్తుంటే దాని వేళ్ల వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఉస్తాద్ దగ్గరికి పోయి, ఊరంతా వినబడే పెట్టె కట్టమన్నాను. ఆయన అయిదు వాట్లది కడతానన్నాడు. మా ఇంట్లో బల్బే తొమ్మిది వాట్లు. బల్బు కంటే తక్కువదా అని నేను గరం అయ్యాను.

"అన్నా, బండ పగలాలంటె లారీ మందు పెడ్తవా? పిడికెడు మందు, సరైన జాగల పెడ్తవు. గిదీ గంతే" అన్నాడు. పాత వాల్వు రేడియోల సామాను ఏరి చేత్తో కట్టాలి, రెండు నెలలు ఆగమన్నాడు.

నేను ఆగితే కదా. మా నాయిన వదిలిపోయిన వాల్వు రేడియో ఇంట్లో ఉంది. వేరే ఊళ్లో ఒక మైకు సెట్లవాడికి ఇస్తే, రెండు రోజుల్లో దాన్నే గిటారు పెట్టెగా మార్చి ఇచ్చాడు. బిడ్డ నులక మంచం మీద కూర్చుని వాయించింది. మోగింది. ఇక నా గర్వానికి హద్దు లేదు. పెట్టెను బండికి కట్టి, బిడ్డను ఎక్కించుకుని, ఉస్తాద్‌కు చూపెట్టడానికి పోయాను.

ఆయన దుకాణంలోకి చెప్పులతో రానివ్వడు, దుమ్ము సామానుకు శత్రువని. ఆ రోజు దుమ్ము అణగడానికి గచ్చు మీద నీళ్లు కూడా చల్లాడు. బిడ్డ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. గిటారును బల్లకు ఆనించి, దాని వైరు పెట్టెకు తగిలించింది. పెట్టె కరెంటు వైరుకు ప్లగ్గు లేదు. మా దిక్కు ప్లగ్గు లేదని ఎవరూ ఆగరు. రెండు తీగల కొసలూ సాకెట్ తూట్లలో దూర్చి, ఊడిపోకుండా చెరొక అగ్గిపుల్ల గుచ్చుతాం. ఏ తీగ ఏ తూట్లోకి పోయిందో నేను జన్మలో చూసుకోలేదు. ఆ రోజూ చూసుకోలేదు. గుచ్చి, స్విచ్ వేశాను.

ఉస్తాద్ వంగి పెట్టె వెనుక చూసి, ట్రాన్స్‌ఫార్మర్ ఏదని అడిగాడు. దీనికి అది లేదు, అందుకే ఇంత తేలిక అని నేను మురిసిపోతూ చెప్పాను. అదే సమయానికి బిడ్డ గిటారు కోసం చేయి చాపింది.

షట్టర్ గుంజే కట్టె ఆయన పక్కన ఉంది. దాన్ని ఎత్తి నా బిడ్డ మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నా సగం చెవికి కూడా వినబడింది. బిడ్డ కేక వేసి వెనక్కి పడింది. ఆయన అదే కట్టెతో గిటారును నెట్టేశాడు. అది బోర్లా పడి మెడ విరిగింది.

నేను ఆయన గల్లా పట్టి గోడకేసి కొట్టాను. కళ్లద్దాలు పగిలాయి. మూతి మీద గుద్దితే ముందరి పన్ను నా పిడికిట్లో గుచ్చుకుని ఊడింది. అలమర కూలి, వాల్వులు టపటపా పగిలి, గాజు ముక్కలు మా కాళ్లలో దిగాయి. ఆయన ఒక్క దెబ్బ తిరిగి కొట్టలేదు. గిటారుకూ నాకూ మధ్య అడ్డంగా నిలబడి, కదలకుండా దెబ్బలు తిన్నాడు. ఎందుకు కదలలేదో నాకు తర్వాత తెలిసింది.

పక్క దుకాణాలవాళ్లు వచ్చి నన్ను విడదీశారు. ఆయన నెత్తురు ఉమ్మి, జేబులోంచి టెస్టర్ తీసి గిటారు తీగ మీద పెట్టాడు. టెస్టర్‌లోని బల్బు ఎర్రగా వెలిగింది.

"కండ్లు పెట్టి చూడు అన్నా. తీగలల్ల కరెంటున్నది. బిడ్డ ఉత్త కాళ్లతోని తడిల నిలబడ్డది. చెప్పుకుంట కూసుందునా? ఇగ కొట్టు, ఇంక పండ్లున్నయి."

ట్రాన్స్‌ఫార్మర్ లేని ఆ రకం రేడియోలో గోడ కరెంటు తీగ ఒకటి నేరుగా లోపలి ఇనుప రేకుకు తగిలి ఉంటుందట. చెక్క డబ్బాలో మూసి ఉన్నంతకాలం ఫికర్ లేదు. గిటారు తగిలిస్తే ఆ రేకు గిటారు తీగలదాకా వచ్చినట్టే. ఆ కరెంటు తీగను ఒక తూట్లో దూరిస్తే బతుకు, రెండో తూట్లో దూరిస్తే చావు. ఇంట్లో బతుకు తూట్లో పడింది. దుకాణంలో నా చేతులతో నేనే చావు తూట్లో దూర్చి, అగ్గిపుల్ల గుచ్చాను.

ఆయన స్విచ్ ఆపి, వైరు పీకి, సుత్తె తీసుకుని మా నాయిన రేడియోను ముక్కలు ముక్కలు చేశాడు. ఇది ఇంకెవరి చేతిలోనూ పడొద్దన్నాడు. తర్వాత ముగ్గురం ఒకే బండి మీద దవాఖానకు పోయాం. ముందు నేను, మధ్యలో చేయి విరిగిన బిడ్డ, వెనుక పన్నును దస్తీలో మూటగట్టుకున్న ఉస్తాద్.

రెండు నెలల్లో ఎముక అతుక్కుంది. గిటారు మెడనూ ఆయనే అతికించాడు, పెట్టెనూ కట్టాడు. పనుంటే బావులు పేల్చడానికి పోయేవాణ్ణి, లేకుంటే ఆయన ముందే కూర్చునేవాణ్ణి. కరెంటున్న పెట్టెలో చేయి పెట్టేటప్పుడు ఎడమ చేతిని నడుము వెనుక లుంగీలో దోపుకునేవాడు. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా దాటుతుంది, ఒక చేయి దాచుకుంటే దానికి ఆ తొవ్వ ఉండదన్నాడు. వైరు పీకినా నమ్మేవాడు కాదు. లోపల కండెన్సర్లని ఉంటాయి, అవి కరెంటును మింగి దాచుకుంటాయట. ఒకసారి నాకు చూపించడానికి స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టాడు. ఠాప్‌మని నిప్పు లేచి ఇనుము కొస కరిగింది. "ముందుగాల దాని కోపం దించాలె. తర్వాత మాట్లాడాలె" అన్నాడు. పేలని తూటు దగ్గరికి వెంటనే పోకూడదని తెలిసినవాణ్ణి, నాకు వెంటనే ఎక్కింది. ఆ మాట పెట్టె గురించే అన్నాడో, నా గురించి కూడా అన్నాడో అడగలేదు.

పెట్టె లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాడు. అది గోడ తీగను లోపలి తీగకు తాకనివ్వకుండానే కరెంటును అందిస్తుంది. చిన్న వాల్వు గిటారు గుసగుసను పట్టుకుంటుంది, పెద్ద వాల్వు దాన్ని స్పీకరు దిక్కు తన్ని పంపుతుంది. మెల్లగా మీటితే పాట. గట్టిగా కొడితే అయిదు వాట్ల వాల్వు తట్టుకోలేక గొంతు చీలి అరుస్తుంది. బిడ్డకు కావలసింది ఆ అరుపేనట. "పెద్ద పెట్టె జల్ది చీలది బేటా. చిన్నదే చీలుతది, గా చీలిన కాడనే పానం ఉంటది" అని చెప్పేవాడు.

మొదటిసారి వాయించిన రోజు నా అరచేయి తీసి పెట్టె మీద పెట్టించాడు. బిడ్డ కొట్టింది. పిడికెడు మందుతో బండ పగిలినట్టు, ఆ దెబ్బ చేతిలోంచి దవడ దాకా వచ్చింది. అయ్యా, నా బిడ్డ పాట నేను విన్నాను! అందరి ముందూ ఎగిరాను. ఉస్తాద్‌ను ఎత్తుకుని తిప్పాను, దించమని తిట్టేదాకా.

ఇప్పుడు నా బిడ్డ ఊరూరా వాయిస్తుంది, పెట్టెలు కూడా కడుతుంది. ప్రతి పెట్టెకూ మూడు పుల్లల ప్లగ్గు బిగించందే గడప దాటనివ్వదు. ఎక్కడ వాయించినా ఉస్తాద్ ముందు వరుసలో కూర్చునేవాడు. పన్ను కట్టిస్తానని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నా ఒప్పుకోలేదు. గేటు దగ్గర ఎవరైనా ఆపితే ఆ పంటి సందు చూపించి, "నా టికెట్ ఎన్నడో ఇచ్చిన, గీయన్ని అడుగుండ్రి" అని నన్ను చూపించేవాడు.

మొన్న మధ్యాహ్నం ఆయనకు మట్టి ఇచ్చి వచ్చాను. ఖబ్రస్తాన్‌కు ఆడవాళ్లు రారు, బిడ్డ చాచీ దగ్గర కూర్చుని నాకంటే ముందే ఇంటికి వచ్చింది. నేను వచ్చేసరికి ఆయన కట్టిన పెట్టె ముందు నిలబడి ఉంది. కాళ్లకు చెప్పులున్నాయి. ఎడమ చేయి నడుము వెనుక చున్నీలో దోపి ఉంది. ఎముక అతుక్కున్న చోట ఉబ్బుగా ఉన్న కుడి చేత్తో స్విచ్ వేసింది. వాల్వులు వేడెక్కడానికి కొంచెం సేపు పడుతుంది. నేను మట్టి చేయి తుడుచుకోకుండానే పెట్టె మీద పెట్టాను. గాజు లోపల ఎరుపు మెల్లగా మొదలైంది.