ఎనభై దగ్గర ఆగిన ముల్లు

మొన్న పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్లే బస్సులో డ్రైవర్ వెనక సీటు దొరికింది. బస్సు బాగానే పరుగెడుతోంది కానీ ముందున్న స్పీడ్ మీటరు ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. డ్రైవరుకు దాని ధ్యాసే లేదు. నా పక్కన పల్లీలు ఒలుచుకుంటున్న పెద్దమ్మకు అసలే లేదు. బండ్ల షెడ్డులో సగం జీవితం గడిపినవాణ్ణి కాబట్టి నా చూపు మాత్రం అక్కణ్నుంచి మళ్లలేదు. కేబులు తెగి ఉంటుంది, పెద్ద రోగమేం కాదు అనుకున్నాను. అనుకుంటూనే మా బావ గుర్తొచ్చాడు. ఆ తర్వాత గోదావరి వంతెన ఎప్పుడు దాటామో నాకు తెలియదు.

బావ అంటే మా అక్క భర్త. చర్లలో ఉండేవాడు. వేలంలో కొన్న పాత ఫోర్‌వీల్ జీపు మీద అడవి ఊళ్ల జనాన్ని సంతకూ, దవాఖానాకూ చేరవేసేవాడు. బస్సు రాని చోట, వాన పడితే ఎడ్లబండి కూడా దిగబడే చోట, ముందు చక్రాలకు కూడా గేరు తగిలిస్తే ఆ జీపు గొణుక్కుంటూ ఎక్కేసేది. దాని మీటరు మాత్రం తిక్కది. ముల్లు వణికేది, ఉన్నట్టుండి పైకెగిరేది, ఎప్పుడో బుద్ధి పుడితే కిందికి దిగేది. బావ వేలి కణుపుతో అద్దం మీద కొట్టేవాడు, అప్పటికీ వినకపోతే కేబుల్లోకి ఇంత గ్రీజు కుక్కేవాడు. ఒకరోజు బండి నా దగ్గర వదలమంటే నవ్వేవాడు. "మీటరెందుకు బామ్మర్దీ? ఎనక కూసున్నోళ్లు తిడితే స్పీడు ఎక్కువైనట్టు, నిద్రవోతే తక్కువైనట్టు."

ఒక వానాకాలం సాయంత్రం, లోపలి ఊరి నుంచి నొప్పులు పడుతున్న ఒక అమ్మాయిని ఎక్కించుకుని బయలుదేరాడు. వాగు దాటి గట్టెక్కే చోట, కల్వర్టు మీద జీపు బోల్తా పడింది. బావ అక్కడే పోయాడు. ఆ అమ్మాయీ, కడుపులో బిడ్డా దవాఖానా చేరకుండానే పోయారు. వెనక ఉన్న ఇద్దరు ముగ్గురు దెబ్బలతో బయటపడ్డారు కానీ, చీకటిపడే వేళ, ఆ అరుపుల మధ్య ఏం జరిగిందో వాళ్లకూ తెలియదు. మర్నాడు జీపును లేపినవాళ్లు చూసిందేమిటంటే, మీటరు ముల్లు ఎనభై దగ్గర ఆగి ఉంది. ఆ మాట మధ్యాహ్నానికల్లా చర్ల హోటళ్లన్నిటికీ పాకింది. ఆ దారిలో ఎనభై మీద పోయినవాడు మనిషేనా అన్నారు.

ఆ అమ్మాయి తండ్రి అడవి ఊరి పెద్దాయన. ఒక్కతే కూతురు. దినాలు కాగానే రావడం మొదలుపెట్టాడు. ప్రతి సంతనాడూ అక్క వాకిట్లో కూర్చుని ముందు నీళ్లడిగేవాడు. అక్క చెంబుతో ఇచ్చేది. తాగి, చెంబు పక్కన పెట్టి, తిట్టడం మొదలుపెట్టేవాడు. "ఎనభైల పోయిండు నీ మొగడు. నా బిడ్డను సంపిండు." కొంతసేపటికి ఆయన తన కోయ భాషలోకి జారిపోయి, ఎవరితోనో మాట్లాడుకుంటున్నట్టు గొణుక్కుని లేచి వెళ్లేవాడు.

ఠాణా నుంచి జీపు ఇంటికొచ్చాక అక్క నన్ను పిలిపించింది. "తమ్మీ, దాన్ని ఇప్పి సూడు. నిజంగనే గట్ల పోయిండంటే పోయిండని చెప్పు. నాకు దెలవాలె." ఆ మాటతో నాకు అర్థమైంది, ఆమె కూడా అనుమానంతోనే బతుకుతోందని.

ముల్లు ఎనభై దగ్గరుందంటే బండి ఎనభైలో పోయిందని కాదు. కానీ అది చూపించాలి. మీటరు జోలికి పోకుండా బండిని మాత్రం నడిచేలా చేసి, తర్వాతి సంత దాకా ఆగి, పెద్దాయన రాగానే ఆయన ముందే మొదలుపెట్టాను. వెనక చక్రాలను జాకీ మీద లేపి, గేరు వేసి తిప్పాను. ముల్లు కదల్లేదు. గేరుబాక్సు దగ్గర కేబులు ఊడదీసి లోపలి తీగను లాగితే సగమే చేతికొచ్చింది. తెగిన కొస నల్లగా తుప్పు పట్టి ఉంది. రెండో ముక్క కొసా అంతే. కొత్తగా తెగిన తీగ తెల్లగా మెరుస్తుంది. ఇది ప్రమాదానికి ఎన్నాళ్ల ముందో తెగింది. మీటరు విప్పితే లోపలంతా గ్రీజు. బావ కుక్కినదంతా కేబులు వెంట పైకి పాకి, ముల్లును తిప్పే గిన్నెను జిగురులా పట్టేసింది; ఎప్పుడో పైకెగిరిన ముల్లు ఎనభై దగ్గర అట్లాగే అతుక్కుపోయింది. పెట్రోలుతో కడిగాను. ముల్లు చిన్నగా వణికి, దానంతట అదే సున్నాకు దిగింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దాయన మాత్రం కదల్లేదు. "అయితే ఎంతల పోయిండు?" అన్నాడు.

కొత్త కేబులు వేశాను. తారు రోడ్డు మీద పక్కన బైకు నడిపించి రెండు ముళ్లూ సరిచూశాను. తర్వాత పెద్దాయనను ముందు సీట్లో, అక్కను వెనక కూర్చోబెట్టుకుని ఆ వాగు దగ్గరికి పోయాను. గట్టెక్కేటప్పుడు యాక్సిలేటరు అడుగంటేదాకా తొక్కాను. ఇంజను అరిచింది, మేం ముగ్గురం సీట్ల మీంచి ఎగిరిపడ్డాం, ముల్లు ముప్ఫై దాటలేదు. ఆ రోజు బండిలో అంతమంది బరువు కూడా ఉంది. పైకెక్కి ఆపాను. కల్వర్టు అంచు కింద మట్టిని వరద తినేసి, పైన పెంకులా పొర మాత్రం మిగిలిన చోటు అప్పటికీ అట్లాగే ఉంది. ఆ రోజు బావ బండి చక్రం దాని మీదికే వెళ్లింది; పొర విరిగిన మేర బొంద పడి ఉంది.

పెద్దాయన దిగి ఆ బొంద దగ్గర కూర్చుని, పొర కిందికి చేయి పెట్టి చూశాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు. "ఆయన తప్పు లేదు బిడ్డా." మళ్లీ ఎవరినీ చూడకుండా అన్నాడు. "ఇగ నేను ఎవల్ని తిట్టాలె?"

అక్క ఆయన పక్కన కూలబడి ఏడ్చింది. బావ పోయినప్పుడు కూడా ఆమె అట్లా ఏడవడం నేను చూడలేదు.

చర్ల హోటళ్లలో మాట మారడానికి చాలాకాలం పట్టింది. పెద్దాయన మాత్రం ఆ తర్వాత సంతనాడు రాలేదు. ఆ పై సంతకూ రాలేదు. అక్క నీళ్ల చెంబు పక్కన పెట్టుకుని వాకిలి వైపు చూస్తూ కూర్చునేది. తిట్టించుకోవడానికైనా మనిషి రావాలనిపించే రోజులుంటాయని అప్పుడే తెలిసింది నాకు. ఎండాకాలం మొదట్లో ఒకసారి వచ్చి, దోసెడు ఇప్పపువ్వు అరుగు మీద పోసి, నీళ్లు కూడా అడక్కుండా వెళ్లిపోయాడట. అదే ఆఖరు. కాలం ఆయన దగ్గర్నుంచి కోపం ఒక్కటే తీసుకుపోగలిగింది, మిగిలినదంతా ఆయనే మోసుకుంటూ అడవిలోకి నడిచిపోయాడు.